గిటార్ తీగలు: గేజ్, బ్రాండ్ గురించి అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో గిటార్లు సెటప్ చేసే పని నాది. "అన్నా, ఏ కంపెనీ తీగలు మంచివి?" అని రోజూ ఎవరో ఒకరు అడుగుతారు. నేను ముందు గిటార్ చూపించమంటాను, ఏ శ్రుతిలో ఏం వాయిస్తారో అడుగుతాను. కంపెనీ సంగతి ఆ తర్వాతే. గేజ్ అంటే తీగ మందం. సెట్‌లో అన్నిటికన్నా సన్న తీగ అంగుళంలో ఎన్ని వెయ్యో వంతులుంటే ఆ అంకెతోనే సెట్‌ని పిలుస్తాం, 12 సెట్ అంటే సన్న తీగ 0.012 అంగుళం.

అపోహ: తీగ ఏదైనా ఒకటే, ఏ గిటార్‌కైనా కట్టొచ్చు.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఇదే. సౌండ్ పెద్దగా రావాలని నైలాన్ తీగల క్లాసికల్ గిటార్‌కి స్టీలు తీగలు కట్టేస్తారు. ఆరు నైలాన్ తీగలూ కలిపి సుమారు 40 కిలోల బలంతో లాగితే, 12 సెట్ స్టీలు తీగలు 70 కిలోలు దాటి లాగుతాయి. చాలా క్లాసికల్ గిటార్లకి నెక్‌లో ట్రస్ రాడ్ (నెక్ వంగకుండా ఆపే లోహపు కడ్డీ) ఉండదు, పైచెక్క కూడా పల్చన, కాబట్టి మెల్లగా నెక్ వంగుతుంది, బ్రిడ్జ్ (పైచెక్క మీద తీగలు కట్టే పట్టీ) అతుకు ఊడి పైకి లేస్తుంది. యమహా సీ40 లాంటిది మీ దగ్గరుంటే దయచేసి నైలానే కట్టండి. ఎలక్ట్రిక్‌కి బ్రాంజ్ తీగలూ వద్దు. తీగ కదలికని పట్టుకునే పికప్ అయస్కాంతంతో పనిచేస్తుంది, బ్రాంజ్ చుట్టు దానికి సరిగా అందదు, లావు తీగలు నీరసంగా వినిపిస్తాయి.

అపోహ: సన్న తీగలు నేర్చుకునేవాళ్లకి, లావు తీగలు అసలైన వాయిద్యకారులకి.

బ్లూస్ గిటారిస్టు స్టీవీ రే వాన్ 13తో మొదలయ్యే లావు తీగలు వాడాడు, అదీ శ్రుతి అర మెట్టు దించి. బ్లూస్ దిగ్గజం బీబీ కింగ్ మాట విని సన్న తీగలకి మారిన జీజీ టాప్ గిటారిస్టు బిల్లీ గిబన్స్ 7తో వాయిస్తాడు. ఇద్దరిలో ఎవరి సౌండ్ చిన్నదంటారు? అకూస్టిక్‌లో లావు తీగకి శబ్దం పెరుగుతుంది, నిజమే, కానీ ఎఫ్ బార్ (ఒకే వేలితో తీగలన్నీ నొక్కి పట్టే కార్డ్) పట్టలేక పిల్లలు గిటార్ మూలన పెట్టేస్తే ఆ శబ్దం ఎవరికి? కొత్తవాళ్లు 10 లేదా 11 కట్టుకోండి. తీగ పక్కకి లాగి గమకాలు పలికించేవాళ్లకీ సన్నవే హాయి, స్లైడ్ (తీగల మీద గాజు లేదా లోహపు గొట్టం జార్చి) వాయించేవాళ్లకి మాత్రం లావువి కావాలి.

స్కేల్, అంటే నట్ (నెక్ చివర తీగలు ఆనే గాళ్ల పట్టీ) నుంచి బ్రిడ్జ్ దాకా తీగ పొడవు, కూడా చూడాలి. ఫెండర్ స్ట్రాట్ 25.5 అంగుళాలు, గిబ్సన్ లెస్ పాల్ సుమారు 24.75, అందుకే అదే 9 సెట్ లెస్ పాల్ మీద వదులుగా అనిపిస్తుంది. దాని మీద నేనైతే 10 కడతాను.

అపోహ: గేజ్ మారిస్తే ఇంకేం మార్చక్కర్లేదు.

9 తీసి 11 కడితే నెక్ ముందుకి వంగుతుంది, యాక్షన్ (నెక్ మీద నుంచి తీగ ఎత్తు) లేస్తుంది, నట్ గాడిలో తీగ ఇరుక్కుని శ్రుతి నిలవదు. ఫ్లోటింగ్ బ్రిడ్జ్ (స్ప్రింగుల బలం మీద నిలిచి కదిలే బ్రిడ్జ్) అయితే స్ప్రింగులు కూడా సరిచేయాలి.

అపోహ: ఖరీదైన బ్రాండ్ అయితే సౌండ్ దానంతటదే మారిపోతుంది.

డి'అడారియో, ఎర్నీ బాల్, మార్టిన్, ఏదైనా గేజూ లోహమూ ఒకటే అయితే తేడా కొంచెమే. లోహం మారితే బాగా తెలుస్తుంది: 80/20 బ్రాంజ్ గలగలమంటుంది, ఫాస్ఫర్ బ్రాంజ్ కాస్త నిండుగా పలుకుతుంది. ఎలిక్సిర్ లాంటి కోటింగ్ తీగలకి ఎక్కువ డబ్బు పెట్టేది మన్నిక కోసం. మన మే నెల చెమటకీ, వానాకాలం తేమకీ మామూలు తీగలు తొందరగా నల్లబడతాయి, చేతులు బాగా చెమర్చేవాళ్లకి ఆ ఖర్చు దండగ కాదు. మిగతావాళ్లు వాయించాక పొడిగుడ్డతో తుడిస్తే చాలు. మరీ చవగ్గా దొరికే బ్రాండెడ్ సెట్లలో నకిలీలుంటాయి, తెలిసిన షాపులోనే కొనండి, గేజ్ రాసున్న ప్యాకెట్ దాచుకోండి, సెటప్‌కి వచ్చినప్పుడు దాన్ని కూడా తెస్తే మా పని సులువవుతుంది.