ఇసుకలో ఈదే పాము

చిరంజీవులైన మనవలకూ మనవరాళ్ళకూ తాతయ్య ఆశీస్సులు.

ఎడారిలో రంగురంగుల చిన్న పాములు ఎలా కనబడతాయని మీరు అడిగారు. అరిజోనాలో మీ పెదనాన్న ఇంట ఉన్న ఈ మూడు నెలలలో నేను దగ్గరగా చూసినది ఒక్కదానినే, అయితే దాని కోసం వెదికిన రాత్రులు మాత్రం చాలా ఉన్నాయి. దాని ఇంగ్లీషు పేరుకు ‘పారమూతి పాము’ అని అర్థం. పొడవు జానెడున్నర, లావు మీ పెన్సిలంత. మీగడ రంగు ఒంటిమీద నల్లని కట్లు, ఆ కట్ల నడుమ నారింజ ఛాయ గల ఎర్రని మచ్చలు ఉంటాయి.

పగలు అది ఇసుకలోపలే ఉంటుంది కనుక, ముందు వెదకవలసినది పామును కాదు, దాని జాడను. తెల్లవారి గాలి లేవకముందే క్రియోసోట్ అనే ఎడారి పొదల మొదళ్ళ దగ్గర చూస్తే, తెగకుండా మెలికలు తిరుగుతూ పోయిన సన్నని గీత కనబడుతుంది. ఒకదానికొకటి తగలని ఏటవాలు గీతలు వరుసగా ఉంటే మాత్రం అక్కడ ఆగిపోవాలి. అవి పక్కవాటుగా పాకే విషపు రాటిల్ పాము జాడలు. జాడ దొరికిన చోటికి వేసవి మొదట్లో, పొద్దుగూకిన తరువాత, పెద్దవారితో కలిసి, బూట్లు వేసుకుని, లాంతరు పట్టుకుని వెళ్ళాలి. తేళ్ళూ జెర్రులూ పురుగులూ దాని ఆహారం కాబట్టి, అవి తిరిగే వేళే దానికీ వేట వేళ.

దాని మూతి పారలా చదునుగా ఉంటుంది. కింది దవడ పైదవడలోకి ఒదిగిపోతుంది, ముక్కురంధ్రాలకు మూతలు ఉంటాయి. అందువలన దాని నోట్లోకీ ముక్కులోకీ ఇసుక పోదు. జార్జియా టెక్ అనే అమెరికా విశ్వవిద్యాలయపు శాస్త్రవేత్తలు అది ఇసుకలో ఈదే తీరును ఎక్స్‌రేలతో చూసినప్పుడు, తల చేసిన దారిలోనే ఒళ్ళంతా జారిపోతున్నదని తెలిసింది. నునుపైన పొలుసులు, సన్నని పొడవాటి ఒళ్ళు ఉండడం వలన దానికి శ్రమ తక్కువ.

ఒక్క సంగతి జాగ్రత్తగా చదవండి. అదే ఎడారిలో పగడపు పాము కూడా ఉంది. మన త్రాచు, కట్లపాముల కుటుంబానికి చెందిన విషసర్పం. రెండింటికీ ఎరుపు, నలుపు, లేత రంగులే. పగడపు పాము మూతి నుండి కళ్ళ వెనుక దాకా నల్లగా ఉంటుంది. పారమూతి పాము మూతి లేతగా ఉండి, తలమీద నల్లని నెలవంక ఉంటుంది. ఈ తేడా తెలిసినా సరే, దేనినీ చేత్తో ముట్టుకోకూడదు. దూరం నుండి చూడడంలోనే నాకు ఎక్కువ తృప్తి కలిగింది.

ఆ రాత్రి లాంతరు వెలుగులో అది ఒక్క క్షణం ఆగి, తల వంచి ఇసుకలోకి దిగింది. ముందు ఎర్రమచ్చలు, తరువాత చివరి నల్లకట్టు మునిగిపోయాయి. పైన ఇసుక కొద్దిగా కదిలి, మళ్ళీ సర్దుకుంది.

మీ తాతయ్య