మన టీమ్ అంటారు, మనకేం చెబుతారు?

తిరుమలలో ఉదయం బ్రేక్ దర్శనం ముగిసే వేళకు ఆలయం ముందు కెమెరాలు సిద్ధంగా ఉంటాయి. క్రికెటర్ ఎవరైనా కొండకు వచ్చాడని తెలిస్తే తిరుపతి విలేకరులు చీకటితోనే ఘాట్ రోడ్డెక్కుతారు. పంచె కట్టుకుని, భుజాన పట్టువస్త్రంతో, చేతిలో ప్రసాదంతో ఆటగాడు బయటికి వస్తాడు. మైకులన్నీ ఒక్కసారిగా మీదికి వస్తాయి. గాయం తగ్గిందా, వచ్చే సిరీస్ ఆడతారా, కెప్టెన్సీ సంగతేంటి? "దర్శనం బాగా జరిగింది" అని ఒక్క మాట చెప్పి ఆయన కారెక్కి వెళ్లిపోతాడు.

అక్కడ జవాబు చెప్పకపోవడం తప్పని నేను అనను. 2025 జనవరిలో నితీశ్ కుమార్ రెడ్డి మోకాళ్లతో మెట్లెక్కిన వీడియో ఊరంతా తిరిగింది. అది ఆయనకూ వెంకన్నకూ మధ్య సంగతి. నన్ను బాధపెట్టేది వేరే ఉంది. అడగాల్సిన చోట అడిగే వీలు లేకనే ఆ ప్రశ్నలు కొండ దాకా వస్తున్నాయి.

ఆంధ్రప్రదేశ్‌కు సొంత ఐపీఎల్ జట్టు లేదు. తిరుపతి వాళ్లకు చెన్నై మూడు నాలుగు గంటల దారి. చిత్తూరు, పలమనేరు వాళ్లకు బెంగళూరు దగ్గర. హైదరాబాద్ ఎంతో దూరమైనా భాష మనది. అందుకే ఒకే ఇంట్లో పసుపు, ఎరుపు, నారింజ చొక్కాలు మూడూ కనిపిస్తాయి. 2023లో చెన్నై గెలిచాక కప్పును ముందుగా టి.నగర్‌లోని టీటీడీ ఆలయానికి తీసుకెళ్లి స్వామి ముందు పెట్టారు. ఆ ఫోటో చూసి మా వీధిలో పండగ చేసుకున్నారు. ఇంత దగ్గరగా వచ్చి 'మీ టీమ్' అనిపించుకునే జట్టు మనకు ఏమేం చెప్పాలి? ఈ ప్రశ్నకు చాలా పాత చరిత్ర ఉంది.

మన దేశ క్రికెట్ బోర్డు బీసీసీఐ 1928లో పుట్టింది. కాగితాల ప్రకారం అది చెన్నైలో రిజిస్టరైన ఒక సొసైటీ. ప్రభుత్వం దగ్గర డబ్బు తీసుకోం కాబట్టి ప్రభుత్వ సంస్థలకు ఉండే నియమాలు మాకు వర్తించవు అనేది దాని మొదటి వాదన, నేటి వాదన కూడా. దానికి మొదటి గట్టి దెబ్బ టీవీ వల్ల తగిలింది. 1993 హీరో కప్ ప్రసార హక్కులను బెంగాల్ క్రికెట్ సంఘం విదేశీ సంస్థకు అమ్మితే దూరదర్శన్‌తో గొడవైంది. 1995 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పిస్తూ ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అని తేల్చింది. ఆ ధర్మాసనంలో మన తెలుగు న్యాయమూర్తి జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి కూడా ఉన్నారు. ఆ తీర్పు ప్రభుత్వ గుత్తాధిపత్యాన్ని తీసేసిందనే అందరూ గుర్తుపెట్టుకున్నారు. అయితే అందులో చూసేవాడి హక్కు గురించి కూడా ఉంది. వినోదం పొందే హక్కు, సమాచారం తెలుసుకునే హక్కు ప్రేక్షకుడివి అని కోర్టు చెప్పింది. ఆ రెండో సగం గురించి ఎవరూ పెద్దగా మాట్లాడలేదు.

2000 ఏప్రిల్‌లో ఢిల్లీ పోలీసులు దక్షిణాఫ్రికా కెప్టెన్ హన్సీ క్రోనే మ్యాచ్ ఫిక్సింగ్ ఫోన్ సంభాషణలను బయటపెట్టారు. అప్పుడు నేను కాలేజీలో ఉన్నాను. బాలాజీ కాలనీలో టీ అంగడి ముందు పేపరు చేతులు మారుతుంటే ఎవరూ నమ్మలేదు. దక్షిణాఫ్రికా కేప్‌టౌన్‌లో బహిరంగ విచారణ పెట్టింది. క్రోనే అందరి ముందూ నిలబడి తప్పు ఒప్పుకున్నాడు. ఇక్కడ సీబీఐ నివేదిక వచ్చింది, డిసెంబరులో అజారుద్దీన్‌పై జీవితకాల నిషేధం పడింది. 2012 నవంబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ నిషేధం చెల్లదంది. ఈ పన్నెండేళ్లలో అభిమానికి దొరికింది రెండు పత్రికా ప్రకటనలు, బోలెడు పుకార్లు. ఆ రోజుల్లో నాతో పాటు క్రికెట్ చూసిన ఇద్దరు ఆ తర్వాత మ్యాచ్ చూడటమే మానేశారు. "ఏది నిజమో మనకెవరన్నా చెప్తారా" అని అప్పుడు అడిగినవాడు ఇప్పటికీ అదే మాట అంటాడు.

2005లో జీ టెలిఫిల్మ్స్ కేసులో అయిదుగురు జడ్జీల ధర్మాసనం 3-2 తేడాతో బీసీసీఐ ప్రభుత్వ సంస్థ కాదంది. అదే తీర్పులో అది ప్రజలకు సంబంధించిన పనులు చేస్తోందని, హైకోర్టుల్లో దాన్ని నిలదీయవచ్చని కూడా అంది. సొసైటీ ప్రైవేటుదే, పని మాత్రం ప్రజలది. నా ఉద్దేశంలో మొత్తం తగువు ఈ ఒక్క వాక్యంలోనే ఉంది.

ఇక 2013. దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. మే 16న రాజస్థాన్ రాయల్స్ ఆటగాళ్లు ముగ్గురు స్పాట్ ఫిక్సింగ్ ఆరోపణలపై అరెస్టయ్యారు. వారం దాటగానే చెన్నై జట్టులో అందరికీ తెలిసిన ముఖం, అప్పటి బోర్డు అధ్యక్షుడు ఎన్. శ్రీనివాసన్ అల్లుడు గురునాథ్ మెయ్యప్పన్ బెట్టింగ్ కేసులో దొరికారు. డగౌట్‌లో, వేలంలో, ప్రాక్టీసులో అప్పటిదాకా అందరం ఆయన్ను చూశాం. జట్టు యజమాని ఇండియా సిమెంట్స్ మాత్రం ఆయన యజమాని కాదు, సీఈఓ కాదు, టీమ్ ప్రిన్సిపల్ కూడా కాదు, యాజమాన్య బృందంలో గౌరవ సభ్యుడు మాత్రమే అని ప్రకటించింది. పసుపు జెండా పట్టుకుని బస్సెక్కిన తిరుపతి కుర్రాడు కళ్లతో చూసింది కూడా నిజం కాదని చెప్పినట్టయింది. జట్టులో ఆయన పాత్ర నిజమేనని తర్వాత సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ ముకుల్ ముద్గల్ కమిటీ తేల్చింది.

ఆ మే నెలాఖరులో చాంపియన్స్ ట్రోఫీకి బయల్దేరే ముందు ముంబైలో ధోనీ విలేకరుల ముందుకు వచ్చాడు. ఫిక్సింగ్ మీద ప్రశ్న వచ్చిన ప్రతిసారీ జట్టు మీడియా మేనేజర్ అడ్డుకున్నాడు. ధోనీ చిన్నగా నవ్వి ఊరుకున్నాడు. మా చిత్తూరు జిల్లాలో ధోనీ అంటే ప్రాణం పెట్టేవాళ్లు ఎందరో, నేనూ వాళ్లలో ఒకణ్ని. ఆ రోజు ఆయన ఒక్క మాట మాట్లాడి ఉంటే ఎంత ధైర్యంగా ఉండేదో. ఆయన్ను మాట్లాడనివ్వని వ్యవస్థ మీదే నాకు కోపం.

ముద్గల్ కమిటీ 2014 ఫిబ్రవరిలో నివేదికతో పాటు సీల్డ్ కవర్‌లో కొన్ని పేర్లు ఇచ్చింది. కోర్టు ఆ నవంబరులో నిర్వాహకుల పేర్లు బయటపెట్టింది, ఆటగాళ్ల పేర్లు గోప్యంగా ఉంచింది. రుజువు కాకుండా ఒకరి పరువు తీయకూడదన్న కారణం నాకు అర్థమవుతుంది. అయినా ఆ కవర్ మూసి ఉన్నంతకాలం ఏ తప్పూ చేయని ఆటగాడి మీద కూడా అనుమానం పడుతూనే ఉంటుంది. దాచడం వల్ల జరిగే నష్టం ఇది. 2015 జనవరిలో సుప్రీంకోర్టు బోర్డు అధికారులే జట్లు కొనుక్కునేలా మార్చుకున్న నిబంధనను కొట్టేసింది. జులైలో కోర్టు వేసిన జస్టిస్ లోధా కమిటీ చెన్నై, రాజస్థాన్ జట్లపై రెండేళ్ల నిషేధం వేసింది.

లోధా కమిటీ 2016 నివేదికలో బోర్డును సమాచార హక్కు చట్టం కిందికి తేవాలన్న మాట ఉంది. 2018లో లా కమిషన్ కూడా అదే సిఫారసు చేసింది. ఆ ఏడాది అక్టోబరు 1న కేంద్ర సమాచార కమిషనర్ మాడభూషి శ్రీధర్, మన వరంగల్ మనిషి, 15 రోజుల్లో దరఖాస్తులు తీసుకునే ఏర్పాటు చేయాలని బీసీసీఐని ఆదేశించారు. బోర్డు కోర్టుకెళ్లింది, ఆదేశం అమలు కాలేదు. 2025 జులైలో పార్లమెంటు ముందుకొచ్చిన జాతీయ క్రీడా పాలన బిల్లు మొదటి రూపంలో గుర్తింపు పొందిన క్రీడా సంస్థలన్నీ సమాచార హక్కు కిందికి వచ్చేవి. ఆగస్టులో ఆమోదం పొందే నాటికి ప్రభుత్వ నిధులు తీసుకునే సంస్థలకే అన్న సవరణ చేరింది. బీసీసీఐ తీసుకోదు. 2023 నుంచి అయిదేళ్ల ఐపీఎల్ ప్రసార హక్కులు 48,390 కోట్ల రూపాయలకు అమ్ముడుపోయాయి. ఆ డబ్బంతా చివరికి మన రీచార్జీల నుంచి, మనం చూసే ప్రకటనల నుంచి వచ్చేదే. మన జేబులోది ప్రజాధనం కాదంటే నాకు సమాధానపడటం కష్టం.

మరి మీడియా సంగతి? 2012 నవంబరులో ఇంగ్లండ్ జట్టు మన దేశానికి వచ్చినప్పుడు గెట్టీ ఇమేజెస్ వంటి ఫోటో ఏజెన్సీలను బోర్డు స్టేడియంలోకి రానివ్వలేదు. అసోసియేటెడ్ ప్రెస్, రాయిటర్స్, ఏఎఫ్‌పీ నిరసనగా ఆ సిరీస్ వార్తలు, ఫోటోలు ఆపేశాయి. బోర్డు తీసిన ఫోటోనే వేసుకోండి అంటే, బోర్డుకు నచ్చనిది ఏదీ జనానికి కనబడదు. ఇప్పుడు ప్రతి జట్టుకూ సొంత యూట్యూబ్ చానల్ ఉంది. ఆటగాళ్ల సరదాలు, డ్రెస్సింగ్ రూమ్ ప్రసంగాలు, పుట్టినరోజు కేకులు చూడటానికి బాగుంటాయి. కష్టమైన ప్రశ్న మాత్రం అందులో ఉండదు.

అమెరికాలో దారి వేరేగా పడింది. 1946లో అక్కడి అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్ ఫైనల్‌కు ముందు ఇద్దరు ఆటగాళ్లకు పందెగాళ్లు డబ్బు ఎర చూపిన వ్యవహారం బయటపడింది. లోపలి సమాచారం కొందరికే తెలిస్తే పందెగాళ్లకు లాభం కాబట్టి, మరుసటి ఏడాది నుంచి గాయపడిన ఆటగాళ్ల జాబితాను జట్లు అందరికీ చెప్పాల్సిందేనని కమిషనర్ బెర్ట్ బెల్ నియమం తెచ్చారు. ఆట మీద నమ్మకం పోతే వ్యాపారమూ పోతుందన్న భయమే దీనికి కారణం.

మనకూ ఆ అవసరం ఉంది. 2022 టీ20 ప్రపంచకప్ ముందు బుమ్రా వెన్ను గాయం కథ గుర్తుందా? సెప్టెంబరు చివర్లో ఆయన ఆడడని వార్తలొచ్చాయి. బుమ్రా ఇంకా టోర్నీ నుంచి తప్పుకోలేదని బోర్డు అధ్యక్షుడు అన్నారు. అక్టోబరు 3న ఆడడని అధికారిక ప్రకటన వచ్చింది. ఆ రోజుల్లో మా దగ్గర ఆటో డ్రైవర్ నుంచి బ్యాంకు గుమాస్తా దాకా ఫాంటసీ యాప్‌లలో డబ్బు పెట్టేవాళ్లు. 2025 ఆగస్టులో వచ్చిన చట్టం డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది గానీ, చీటీల మీద పందెం ఇంకా ఉంది. ముందే తెలిసినవాడే గెలుస్తాడు.

అయితే అంతా చెప్పాలని కాదు. తుది జట్టు, వ్యూహం, బౌలర్ బలహీనత, ఇవి జట్టు రహస్యాలే. మనసు బాగాలేనివాణ్ని మైకు ముందుకు ఈడ్చకూడదు. 2021 ఫ్రెంచ్ ఓపెన్‌లో టెన్నిస్ క్రీడాకారిణి నవోమి ఒసాకా మానసిక ఆరోగ్యం కోసం ప్రెస్‌మీట్‌కు రానంటే 15 వేల డాలర్ల జరిమానా వేశారు. ఆమె టోర్నీ నుంచే తప్పుకుంది. నిర్వాహకులది అన్యాయమనే నా అభిప్రాయం. రిషభ్ పంత్ ప్రమాదం రోజు ఆసుపత్రి ఫోటోలు పంచుకున్నవాళ్లదీ అన్యాయమే. మనిషి గోప్యత వేరు, సంస్థ గోప్యత వేరు. మన దగ్గర సంస్థలు మనిషిని అడ్డం పెట్టుకుని దాక్కుంటాయి, చివరికి ఒంటరయ్యేది ఆ మనిషే. 2021 డిసెంబరులో కోహ్లీ వన్డే కెప్టెన్సీ పోయిన సంగతి టెస్టు జట్టు ప్రకటన చివర ఒక వాక్యంగా వచ్చింది. వారం తర్వాత ఆయనే ప్రెస్‌మీట్‌లో, సెలక్షన్ సమావేశానికి గంటన్నర ముందు ఫోన్ చేశారని చెప్పాడు. టీ20 కెప్టెన్సీ వదలొద్దని కోరామన్న బోర్డు అధ్యక్షుడి మాటకూ ఆయన మాటకూ పొంతన కుదరలేదు.

సమాచారం సరిగా ఇవ్వకపోతే ప్రాణాలే పోతాయని 2025 జూన్ 4న బెంగళూరు చూపించింది. ముందు రోజు రాత్రి బెంగళూరు జట్టు ఆర్‌సీబీ తొలి ఐపీఎల్ కప్పు గెలిచింది. తెల్లవారి ఉదయం 7 గంటల నుంచే జట్టు ఖాతాల్లో సంబరాల పోస్టులు వచ్చాయి. ఉచిత పాసులు పరిమితంగానే ఉన్నాయన్న మాట మధ్యాహ్నం 3 దాటాక వచ్చింది. అప్పటికే సుమారు 35 వేలు పట్టే చిన్నస్వామి స్టేడియం చుట్టూ లక్షల మంది ఉన్నారు. తొక్కిసలాటలో 11 మంది చనిపోయారు. పోలీసుల అనుమతి లేకుండా పిలిచారని, ప్రాథమికంగా జట్టుదే బాధ్యత అని జులై 1న పాలనా ట్రైబ్యునల్ అంది. ఆర్‌సీబీ ఆ మాటలను హైకోర్టులో సవాలు చేసింది. మొదట సానుభూతి, సాయం ప్రకటించిన జట్టు ఆ తర్వాత సోషల్ మీడియాలో దాదాపు మూడు నెలలు నోరు విప్పలేదు. ఆగస్టు 28న మళ్లీ మాట్లాడింది. చిత్తూరు నుంచి ఆ రోజు బస్సెక్కిన పిల్లలు నాకు తెలుసు. ఫోన్లు కలవక సాయంత్రమంతా ఇళ్లల్లో పడ్డ టెన్షన్ చూశాను.

టికెట్ల కథా ఇదే. 2022 సెప్టెంబరులో హైదరాబాద్ జింఖానాలో టికెట్ల కోసం తొక్కిసలాట జరిగింది, లాఠీలు లేచాయి. 2025 మార్చిలో ఉచిత టికెట్ల కోసం హైదరాబాద్ క్రికెట్ సంఘం వేధిస్తోందని సన్‌రైజర్సే లేఖ రాసింది. సంఘం ఖండించింది. విజిలెన్స్ విచారణ జరిగింది, జులైలో సీఐడీ అరెస్టులు చేసింది. స్టేడియంలో ఎన్ని సీట్లు, జనానికి అమ్మకానికి పెట్టినవి ఎన్ని, పాసుల కింద పోయినవి ఎన్ని? ఈ మూడు అంకెలు ప్రతి మ్యాచ్‌కు ముందు గోడకు అంటిస్తే చాలు. కొన్నేళ్ల కిందట నేనూ ఇద్దరు స్నేహితులూ పక్క రాష్ట్రంలో మ్యాచ్ కోసం పొద్దున్నే ఫోన్లు పట్టుకుని కూర్చున్నాం. నిమిషాల్లో అయిపోయాయన్నారు. గేటు బయట నాలుగు రెట్ల ధరకు కావలసినన్ని దొరికాయి.

మన రాష్ట్రంలోనూ ఈ గాయం ఉంది. 2021 జనవరిలో సిడ్నీలో కండరం చీలినా 161 బంతులు ఎదుర్కొని టెస్టు కాపాడిన హనుమ విహారి, 2024 ఫిబ్రవరి 26న ఇండోర్‌లో ఆంధ్ర నాలుగు పరుగుల తేడాతో రంజీ క్వార్టర్ ఫైనల్ ఓడిన రోజే తన బాధ బయటపెట్టాడు. ఒక రాజకీయ నాయకుడి కొడుకును మందలించినందుకు కెప్టెన్సీ తీసేశారని రాశాడు. దూషించాడని తమకు ఫిర్యాదులు వచ్చాయని ఆంధ్ర క్రికెట్ సంఘం అంది. విచారణ అన్నారు, ప్రభుత్వం మారింది, ఆయన ఉంటానన్నాడు, 2025లో త్రిపుర వెళ్లిపోయాడు. ఏం తేలిందో చెప్పే పూర్తి నివేదిక ఒక్కటీ మన ముందుకు రాలేదు.

నా మేనల్లుడికి పద్నాలుగేళ్లు, ఎడమచేతి స్పిన్ వేస్తాడు. మొన్న ఒక అకాడమీ సెలక్షన్లకు వెళ్లాడు. మూడు రోజుల తర్వాత వాట్సాప్‌లో పేర్ల జాబితా వచ్చింది. మార్కులు లేవు, కారణాలు లేవు. "మామా, నాకెన్ని వేశారో అడగొచ్చా?" అన్నాడు. అడుగుదాం పద అని మరుసటి ఉదయం బండి మీద తీసుకెళ్లాను. ఆఫీసు తలుపు తెరిచే దాకా ఇద్దరం మెట్ల మీద కూర్చున్నాం.