సెరెంగెటి గడ్డి వెనక అగ్నిపర్వతం

సఫారీకి వెళ్లే వాళ్ల నోట ముందుగా వచ్చే మాట 'బిగ్ ఫైవ్'. సింహం, చిరుత, ఏనుగు, ఖడ్గమృగం, అడవిదున్న. ఈ జాబితా జంతుశాస్త్రవేత్తలది కాదు, వేటగాళ్లది. కాలినడకన వేటాడబోతే ప్రాణాల మీదికి తెచ్చేవి ఇవీ అని వాళ్లు వేసుకున్న లెక్క. ఇప్పటికీ చాలామంది జీపులో కూర్చుని, నాలుగు కనిపించాయి, ఖడ్గమృగం ఒక్కటే మిగిలిందని టెన్షన్ పడుతుంటారు. ఉత్తర టాంజానియాలో అరూషా నుంచి సెరెంగెటి దాకా నాలుగైదు రోజులు సాగే దారిలో అంతకంటే ఆసక్తికరమైనది జీపు చక్రాల కింద ఉంటుంది. ఏ జంతువు ఏ నెలలో ఎక్కడ ఉండాలో చాలావరకు నిర్ణయించేది ఆ నేలే.

తూర్పు ఆఫ్రికాలో భూమి పైపొర ఏడాదికి కొన్ని మిల్లీమీటర్ల చొప్పున రెండుగా విడిపోతోంది. ఆ చీలికే గ్రేట్ రిఫ్ట్ వ్యాలీ. దాని వెంట ఒకచోట నేల కుంగింది, మరోచోట అగ్నిపర్వతాలు లేచాయి.

దారిలో మొదట తగిలేది సాధారణంగా తరంగిరే పార్కు. ఎండాకాలంలో చుట్టుపక్కల ఎక్కడా నీళ్లుండవు కాబట్టి మందలన్నీ తరంగిరే నది దగ్గరికి చేరతాయి. ఏనుగులు ఇసుకలో చెలమలు తవ్వుకుంటాయి, బావోబాబ్ చెట్ల బెరడు చీల్చి లోపలి తడి నమిలేస్తాయి. విచిత్రమేమిటంటే వానలు పడి పార్కంతా పచ్చబడ్డాక వైల్డ్‌బీస్ట్‌లు (ఆవు పోలికలున్న పెద్ద జింకజాతి జంతువులు), జీబ్రాలు అక్కడ ఉండవు. తూర్పున సిమన్‌జిరో మైదానాలకు వెళ్లిపోతాయి. అక్కడి గడ్డిలో భాస్వరం ఎక్కువ. కడుపుతో ఉన్న తల్లికీ, పాలిచ్చే తల్లికీ కడుపు నిండితే చాలదు, ఖనిజాలు కావాలి.

తర్వాత వచ్చే మన్యారా చిన్న పార్కు, చాలామంది ఒక్క పూటలో ముగిస్తారు. చీలిక గోడ కింద, వాన పెద్దగా పడని చోట దట్టమైన అడవి ఉంటుంది. పైనున్న కొండల్లో ఇంకిన నీరు గోడ పాదం దగ్గర ఊటలై బయటికొస్తుంది. ఆ అడవి బతికేది ఆ ఊటల మీదే.

ఆ గోడ ఎక్కితే గొరొంగొరో. 20 లక్షల ఏళ్ల కిందటికి ముందే ఒక పెద్ద అగ్నిపర్వతం తన లావా కక్కేసి, లోపల డొల్లయి, కుప్పకూలింది. మిగిలిన గుంత అడుగు సుమారు 260 చదరపు కిలోమీటర్లు, చుట్టూ గోడలు 600 మీటర్ల ఎత్తు. అడుగున ఏడాది పొడవునా నీరు, గడ్డి ఉంటాయి కాబట్టి చాలా జంతువులకు వలస అక్కర్లేదు. జిరాఫీలు మాత్రం కనిపించవు. వాటికి కావలసినన్ని తుమ్మజాతి చెట్లు అడుగున లేవు, ఆ నిటారు గోడలు దిగడమూ కష్టమే. ఈ కోట సింహాలకు మాత్రం శాపమైంది. 1962లో కుట్టే ఈగలు విపరీతంగా పెరిగి, సింహాల సంఖ్య పదికి అటూఇటూగా పడిపోయింది. బయటి నుంచి వచ్చి కలిసిన మగవి చాలా తక్కువ. తర్వాత మళ్లీ పెరిగిన సింహాలన్నీ ఆ కొద్దింటి సంతానమే. దగ్గరి సంబంధాల వల్ల వాటి వీర్యకణాల్లో లోపాలు ఎక్కువగా ఉన్నట్టు పరిశోధకులు గుర్తించారు. ఫొటోల్లో ఇదంతా కనపడదు, సింహం సింహంలాగే ఉంటుంది.

గొరొంగొరో నుంచి పడమటికి దిగుతుంటే చెట్లు ఒక్కసారిగా మాయమవుతాయి. వాన తక్కువ కాబట్టి అనుకుంటాం. అది సగమే నిజం. గొరొంగొరో చుట్టుపక్కలి అగ్నిపర్వతాల బూడిదను తూర్పు గాలులు వేల ఏళ్లుగా ఈ సెరెంగెటి మైదానం మీద పరిచాయి. వాటిలో ఓల్ దొయిన్యో లెంగాయ్ ఇప్పటికీ సజీవంగా ఉంది. ఇక్కడ పశువులు కాచుకునే మాసాయి తెగవాళ్లకు అది దేవుడి కొండ. దాని లావా ప్రపంచంలో ఇప్పుడు మరే అగ్నిపర్వతమూ కక్కనిది. మామూలు లావాలో సిలికా ఎక్కువ, దీనిలో చాకలి సోడా లాంటి కార్బోనేట్లు. మామూలు లావా 1,000 డిగ్రీలు దాటితే, ఇది 500–600 డిగ్రీల దగ్గరే పలుచటి నల్లటి బురదలా పారుతుంది. చల్లారాక గాలిలో తేమ పీల్చి తెల్లబడుతుంది.

ఆ బూడిదలోని సున్నం వాననీటిలో కరిగి కిందికి దిగి, నేల లోపల గట్టి పొరగా పేరుకుంది. చెట్ల వేళ్లు దాన్ని చీల్చుకుని పోలేవు. పొట్టి గడ్డికి అంత లోతు అక్కర్లేదు. పైగా ఆ గడ్డిలో కాల్షియం, భాస్వరం, సోడియం పుష్కలం. అందుకే సుమారు 13 లక్షల వైల్డ్‌బీస్ట్‌లు జనవరి నుంచి మార్చి దాకా ఇక్కడే మేస్తాయి, ఇక్కడే ఈనుతాయి. దూడల్లో చాలాభాగం ఫిబ్రవరి చుట్టుపక్కల రెండు మూడు వారాల్లోనే పుడతాయి. పుట్టిన దూడ పది నిమిషాల్లో లేచి నిలబడుతుంది. హైనాలు, సింహాలు ఎంత తిన్నా అన్నింటినీ తినలేవు. అన్నీ ఒకేసారి పుట్టడంలోని లాభం అదే.

మైదానం మధ్యలో అక్కడక్కడా గ్రానైట్ గుట్టలు పొడుచుకొస్తాయి. వీటి వయసు 250 కోట్ల ఏళ్ల పైమాటే, హైదరాబాద్ బండరాళ్ల ఈడువి. చుట్టూ ఉన్న బూడిద వాటి ముందు నిన్నగాక మొన్నటిది.

ఒకప్పుడు ఈ మందలు ఇంత పెద్దవి కావు. 1890లలో రిండర్‌పెస్ట్ అనే పశువుల రోగం తూర్పు ఆఫ్రికాను తుడిచిపెట్టింది. మాసాయిల ఆవులతో పాటు వైల్డ్‌బీస్ట్‌లూ చచ్చాయి. తర్వాత దశాబ్దాల పాటు అది దూడలను చంపుతూనే ఉంది. పార్కు చుట్టుపక్కల ఆవులకు టీకాలు వేశాక అడవిలోనూ రోగం ఆగిపోయింది. 1960ల మొదట్లో రెండున్నర లక్షలున్న వైల్డ్‌బీస్ట్‌లు 1977 నాటికి 13 లక్షలయ్యాయి. అంత మంద మేసేసరికి ఎండుగడ్డి తగ్గింది, కార్చిచ్చులు తగ్గాయి, ఉత్తరాన చెట్లు మళ్లీ పెరిగాయి. ఆవుకు వేసిన సూది అడవిలో చెట్టును బతికించింది.

మే నెలకల్లా మైదానం ఎండిపోతుంది. మంద పడమటికీ ఉత్తరానికీ కదిలి, జులై తర్వాత మారా నది దాటుతుంది. అందరూ ఎగబడేది ఆ దృశ్యానికే. నా ఓటు దూడలు పుట్టే ఫిబ్రవరికి. అయినా నది కథా ఆ గడ్డితోనే ముడిపడి ఉంది. నదిలో ఏటా సగటున 6,250 వైల్డ్‌బీస్ట్‌లు మునిగి చనిపోతాయని 2017లో వచ్చిన ఒక అధ్యయనం లెక్కగట్టింది. మొసళ్లు తినేది అందులో కొద్దిభాగమే. మెత్తటి భాగాలు వారాల్లో రాబందులకు, చేపలకు పోతాయి. ఎముకలు కరగడానికి ఏడేళ్లు పడుతుంది. అన్నేళ్లూ దక్షిణాది గడ్డిలో మేసిన భాస్వరాన్ని అవి నీటిలోకి కొద్దికొద్దిగా వదులుతాయి. వాటి మీద పేరుకునే నాచును, సూక్ష్మజీవులను చేపలు మేస్తాయి.