ఒక్క యూరోకు అమ్ముడైన బిల్డింగు: ఆమ్‌స్టర్‌డామ్ బైల్మర్‌లో ఇల్లు ఎందుకు చవక

నెదర్లాండ్స్ రాజధాని ఆమ్‌స్టర్‌డామ్‌కు ఆగ్నేయాన బైల్మర్ అనే పేట ఉంది. అక్కడ క్లైబుర్గ్ అనే బిల్డింగు ఒకటి: 400 మీటర్ల పొడవు, పదకొండు అంతస్తులు, 500 ఫ్లాట్లు. 2010ల మొదట్లో అది ఒక్క యూరోకు చేతులు మారింది. కొన్నవాళ్ళు అందులోని ఫ్లాట్లను మొండిగోడలతోనే అమ్మారు. వంటగది లేదు, బాత్రూమ్ లేదు, హీటింగ్ లేదు, గదులే లేవు. తలుపు తీస్తే నేల, కప్పు, పక్కగోడలు అన్నీ ఉత్త కాంక్రీటు. మిగతాది మీ ఇష్టప్రకారం మీరే కట్టుకోండి, ధర తక్కువ పెట్టింది అందుకే అన్నారు. జనం కొన్నారు.

ఇళ్ళు చాలక దేశమంతా మొత్తుకుంటుంటే 500 ఇళ్ళున్న బిల్డింగును ఒక్క యూరోకు ఎందుకు వదిలించుకున్నారు?

ఆమ్‌స్టర్‌డామ్ పక్కనున్న ఆమ్‌స్టెల్‌వేన్‌లో అద్దెకుండే మనవాళ్ళు సొంతిల్లు కొందామని మొదలుపెట్టి, అక్కడి ధరలకు గుండె గుభేలుమని, అల్మేరె, పుర్మరెండ్ లాంటి చుట్టుపక్కల పట్టణాల వైపో బైల్మర్ వైపో చూడటం మామూలే. బైల్మర్ పేరెత్తగానే ఎవరో ఒకరు "ఆ ఏరియా మంచిది కాదట" అంటారు. ఆ "అట" ఎక్కడ పుట్టిందో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

1901లో డచ్ పార్లమెంటు గృహ చట్టం చేసింది. లాభాపేక్ష లేని సంఘాలు ఇళ్ళు కడితే ప్రభుత్వం అప్పిస్తుంది, కట్టే ఇంటికి గాలి, వెలుతురు లాంటి కనీస ప్రమాణాలుండాలి అన్నది దాని సారం. ఈ సంఘాలను అక్కడ కార్పొరేషన్లంటారు గానీ మన మున్సిపల్ కార్పొరేషన్‌తోనో హౌసింగ్ బోర్డుతోనో పోల్చుకుంటే పొరపాటే. అవి ప్రైవేటు సంఘాలు, చేసేది మాత్రం ప్రజల పని. అవి ఇళ్ళు కట్టింది అమ్మడానికి కాదు, అద్దెకివ్వడానికి. ఈ రోజు చవక పేటల్లో అమ్మకానికొచ్చే ఫ్లాట్లలో చాలావాటి పుట్టుక ఇదే. అంటే కొనేవాడిని మనసులో పెట్టుకుని కట్టిన ఇళ్ళు కావవి.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇళ్ళ కొరతను అక్కడ "ప్రజల శత్రువు నంబర్ వన్" అనేవారు. ఆ హడావుడిలోంచే బైల్మర్ వచ్చింది. 1966లో పనులు మొదలై, 1968 చివర్లో మొదటి కుటుంబాలు దిగాయి. సీగ్‌ఫ్రీడ్ నాసుట్ నేతృత్వంలో నగర ప్లానర్లు గీసిన ఆ ప్లాను కాగితం మీద ఎంతో అందంగా ఉంటుంది. పైనుంచి చూస్తే తేనెపట్టు అరల్లా మెలికలు తిరిగిన పొడవాటి భవనాలు, వాటి మధ్య విశాలమైన తోటలు. కార్లు గట్ల మీద వేసిన ఎత్తు రోడ్ల మీద వెళ్తాయి, కింద చెట్ల మధ్య మనుషులు, సైకిళ్ళు. పాత నగరంలో ఇరుకు ఇళ్ళల్లో పిల్లలతో సర్దుకుంటున్న వాళ్ళకు ఇక్కడ దాదాపు వంద చదరపు మీటర్ల ఫ్లాటు, సెంట్రల్ హీటింగ్, సొంత స్నానాల గది.

తేడా కొట్టింది అంతస్తుల లెక్కలో కాదు, కింది అంతస్తులో అని నాకనిపిస్తుంది. అక్కడ ఇళ్ళు లేవు. వరసగా సామాన్ల గదులే. అంటే నేల మీద నడిచే మనిషికి ఒక్క కిటికీ కనబడదు, వంటింటి లైటు కనబడదు, అరుగు మీద కూర్చున్న మనిషి కనబడడు. కారు దూరంగా గ్యారేజీ భవనంలో పెట్టి, పొడవాటి కారిడార్ల వెంట నడిచి లిఫ్టు దగ్గరికి రావాలి. చీకటి పడితే ఆ నడక ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. దుకాణాలు ఆలస్యంగా వచ్చాయి. మెట్రో అయితే 1977 దాకా రాలేదు. పైగా పాత నగరంతో పోలిస్తే అద్దెలు ఎక్కువ.

ఈలోపు ప్రభుత్వమే బైల్మర్‌కు పోటీ పెట్టింది. పుర్మరెండ్, హోర్న్, సముద్రాన్ని వెనక్కి నెట్టి తీసిన నేల మీద అల్మేరె (అక్కడ మొదటి కుటుంబాలు దిగింది 1976లో): వీటిని "ఎదిగే పట్టణాలు"గా ప్రకటించి, చిన్న పెరడున్న వరస ఇళ్ళు వేలాదిగా కట్టించింది. డచ్ మధ్యతరగతి కుటుంబం ఏం కోరుకుంటుంది? రెండంతస్తుల ఇల్లు, ముందు నాలుగు పూలమొక్కలు, వెనక సైకిల్ షెడ్డు. ఎవరి కోసమైతే బైల్మర్ కట్టారో వాళ్ళు అటు వెళ్ళిపోయారు. ఫ్లాట్లు ఖాళీగా మిగిలాయి.

సరిగ్గా అదే కాలంలో దక్షిణ అమెరికాలోని డచ్ వలస సురినామ్ నుంచి జనం వచ్చారు. 1975 నవంబర్‌లో ఆ దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది. దానికి ముందూ వెనకా వేలమంది డచ్ పౌరసత్వంతో ఆమ్‌స్టర్‌డామ్‌లో దిగారు. (1873 నుంచి కలకత్తా రేవులో ఓడెక్కి సురినామ్ తోటల్లో కూలికి వెళ్ళిన మన దేశస్థుల సంతతీ వీళ్ళలో ఉన్నారు, వాళ్ళు ఎక్కువగా హేగ్ నగరం వైపు స్థిరపడ్డారు.) నల్లవాళ్ళకు ఇల్లివ్వడానికి నగరంలో చాలామందికి మనసొప్పలేదు. 1974లో బైల్మర్‌లోని గ్లిప్‌హూవె భవనంలో ఖాళీ ఫ్లాట్లలోకి సురినామ్ కుటుంబాలు తమంతట తామే చేరిపోయాయి. ఒకపక్క తాళం వేసిన ఇళ్ళు, ఇంకోపక్క తలదాచుకోను చోటులేని మనుషులు. ఆ వార్తలతో బైల్మర్‌కు పడిన ముద్ర దశాబ్దాల పాటు పోలేదు. మన "అట"కు వేరు ఇక్కడుంది. నిరుద్యోగం, మాదకద్రవ్యాలు, దొంగతనాలు ఆ తర్వాత నిజంగానే వచ్చాయి, కాదనను. కానీ ముద్ర ముందొచ్చింది.

1992 అక్టోబర్ 4 సాయంత్రం ఇజ్రాయెల్ విమాన సంస్థ ఎల్ ఆల్ సరుకు విమానం ఒకటి ఇక్కడి రెండు భవనాలు కలిసే మూల మీద కూలింది. 43 మంది చనిపోయారు. పేటను తిరగ్గట్టాలన్న ఆలోచన అప్పటికే నడుస్తోంది. ఆ తర్వాత ఏళ్ళలో ఎత్తు భవనాల్లో దాదాపు సగం కూల్చి, వాటి చోట పెరళ్ళున్న చిన్న ఇళ్ళు కట్టారు. కొన్ని ఎత్తు రోడ్లను నేలకు దించారు. 1996లో పక్కనే పెద్ద ఫుట్‌బాల్ స్టేడియం వచ్చింది.

డబ్బు దారి కూడా అప్పుడే మళ్ళింది. 1995లో ప్రభుత్వం కార్పొరేషన్లకు రావలసిన సబ్సిడీలకూ అవి తీర్చవలసిన అప్పులకూ చెల్లు వేసి, ఇక మీ కాళ్ళ మీద మీరు నిలబడండి అంది. నిలబడాలంటే కొన్ని ఇళ్ళు అమ్ముకోవాలి. 2013 నుంచి అద్దె ఇళ్ళ మీద ప్రత్యేక పన్ను కూడా వేశారు (2023లో తీసేశారు). అమ్మకాలకు అదీ తోడైంది. మరమ్మతుకు లెక్క కుదరక క్లైబుర్గ్‌ను కూల్చేద్దామనుకున్న సంఘం చివరికి ఒక్క యూరోకు ఇచ్చేసింది ఈ కాలంలోనే. కొత్తవాళ్ళు చేసిన మంచి పని ఒకటి చెప్పాలి: కింది అంతస్తులోని సామాన్ల గదులను పై అంతస్తులకు మార్చి, నేల మీద ఇళ్ళూ పని గదులూ పెట్టారు. యాభై ఏళ్ళ నాటి తప్పు దిద్దినట్టయింది. 2017లో ఆ భవనానికి యూరప్ వాస్తుశిల్పంలో పెద్ద బహుమతి, మీస్ వాన్ డెర్ రోహె అవార్డు వచ్చింది.

మరి ఇప్పుడు చవకేనా? నగరంలోని మిగతా పేటలతో పోలిస్తే అవును, జీతంతో పోల్చుకుంటే కాదు. దేశంలో అమ్ముడైన ఇంటి సగటు ధర 2013లో 2.13 లక్షల యూరోలు, 2024లో సుమారు 4.5 లక్షలు. హోమ్ లోన్ వడ్డీకి పన్ను మినహాయింపు అక్కడ తరాలుగా ఉంది. చాలా ఏళ్ళు అసలు కట్టకుండా వడ్డీ మాత్రమే కట్టినా నడిచేది. 2013 తర్వాత కొత్తగా కొనేవాళ్ళు 30 ఏళ్ళలో అసలు కూడా తీరుస్తుంటేనే మినహాయింపు. అప్పు కూడా 2012లో ఇంటి విలువకు 106 శాతం దాకా దొరికేది, ఏడాదికొక శాతం తగ్గిస్తూ 2018కి 100 శాతానికి తెచ్చారు.

ఈ నూరు శాతం దగ్గరే కొత్తగా వచ్చినవాళ్ళ టెన్షన్ అంతా. అక్కడ చాలావరకు గుప్త బిడ్డింగ్. పక్కవాడు ఎంత రాశాడో తెలియదు. వాల్యుయేషన్‌లో 3.5 లక్షలు తేలిన ఫ్లాటుకు మీరు 3.8 లక్షలు రాసి గెలిచారనుకోండి. పై 30 వేలు బ్యాంకు ఇవ్వదు, జేబులోంచి తీయాలి. నోటరీ ఖర్చు వేరే. డచ్ కుర్రాడికి అమ్మానాన్న ఇచ్చే అవకాశముంది. 2017 నుంచి 2022 వరకు ఇంటి కోసం లక్ష యూరోల దాకా కానుకకు పన్నే లేదు. 2024 నుంచి అది లేదు. దానికి బదులన్నట్టు రెండు ఊరటలు ఉన్నాయి. 35 ఏళ్ళలోపు వాళ్ళు తాము ఉండటానికి కొంటే, ధర ఒక పరిమితి దాటకపోతే (2025లో 5.25 లక్షలు) ఇల్లు చేతులు మారేటప్పుడు కట్టే 2 శాతం బదిలీ పన్ను ఒక్కసారికి ఉండదు. 2022 నుంచి చవక ఇళ్ళను అద్దెకివ్వడానికే కొనేవాళ్ళను కొన్ని పేటల్లో మున్సిపాలిటీలు ఆపగలుగుతున్నాయి.

ఇక సంతకం పెట్టాక కొనేవాడికి మూడు రోజుల గడువు చట్టం ఇస్తుంది, కారణం చెప్పకుండా మానుకోవచ్చు. కానీ చూడవలసినవి అంతకుముందే చూసుకోవాలి. ఆమ్‌స్టర్‌డామ్ 1896 నుంచి నేలను అమ్మకుండా లీజుకిస్తోంది. మీరు కొనేది ఫ్లాటే, దాని కింద నేల చాలాచోట్ల నగరానిది. ఆ అద్దె ఎన్నేళ్ళకు కట్టేశారు, ఎప్పుడు మారుతుంది అన్నది ప్రకటనలో చిన్న అక్షరాల్లో ఉంటుంది. రెండోది ఓనర్ల సంఘం. ఇంత పెద్ద భవనాల్లో లిఫ్టులు, పైకప్పు, కారిడార్లు అందరివీ, కాబట్టి నెలనెలా కట్టే మెయింటెనెన్స్ కూడా గట్టిగానే ఉంటుంది. పాత మీటింగుల మినిట్స్ అడిగి తెప్పించుకుని, డచ్ రాకపోతే ఫోనులో అనువాదం పెట్టుకునైనా చదవాలి. లిఫ్టు మార్చాలని ఎన్నిసార్లు వాయిదా వేశారో, రిజర్వు ఫండులో ఎంత మిగిలిందో ఆ కాగితాల్లోనే ఉంటుంది.