మామయ్య ఫిట్స్ గురించి మనవలకు ఉత్తరం

చిరంజీవులైన మనవలకు అమ్మమ్మ ఆశీస్సులు.

మొన్న ఫోన్లో మీరడిగిన మాట నా మనసులోంచి పోవడం లేదు. "మామయ్యకు ఆఫీసు టెన్షన్ వల్లే ఫిట్స్ వచ్చాయా? మేం అల్లరి చేసినందుకు కాదు కదా?" అన్నారు. ముందు రెండోదానికి జవాబు. కాదర్రా, కానే కాదు. మీ అల్లరికీ దానికీ ఏ సంబంధమూ లేదు.

మెదడులోని కణాలు సన్నటి విద్యుత్తుతో ఒకదానికొకటి కబుర్లు చేరవేసుకుంటాయి. వాటిలో కొన్ని అదుపు తప్పి ఒక్కసారిగా చెలరేగితే ఫిట్ వస్తుంది. అలా మళ్లీ మళ్లీ వచ్చే గుణం ఉంటే మూర్ఛవ్యాధి అంటారు. పెద్దవాళ్లలో తలకు దెబ్బ తగిలాకో, పక్షవాతం వచ్చాకో, బద్దెపురుగు తిత్తులు మెదడులో చేరడం వల్లో మొదలవుతుంది. చాలామందికి కారణమే దొరకదు.

ఇక టెన్షన్ సంగతి. మనసుకు కష్టం కలిగితే మూత్రపిండాల మీదుండే అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ అనే హార్మోన్‌ను వదులుతాయి. కాసేపైతే మేలే చేస్తుంది. నెలల తరబడి ఎక్కువగా ఉంటేనే చిక్కు. మెదడులో జ్ఞాపకాలను చూసుకునే భాగమైన హిప్పోకాంపస్‌కు ఆ హార్మోన్ బాగా తగులుతుంది. పెద్దవాళ్లకు వచ్చే ఫిట్స్ తరచుగా ఆ చుట్టుపక్కలే పుడుతుంటాయి. 1995లో నెదర్లాండ్స్‌లో నదులు పొంగి రెండు లక్షల మందికి పైగా ఇళ్లు ఖాళీ చేశారు. వాళ్లలో మూర్ఛ ఉన్నవాళ్లను, ఇల్లు ఖాళీ చేయాల్సిన అవసరం రాని మూర్ఛ రోగులతో పోల్చి చూస్తే, ఇళ్లు వదిలినవాళ్లలోనే ఎక్కువమందికి ఫిట్స్ పెరిగాయి.

అంతమాత్రాన దిగులొక్కటే మూర్ఛను పుట్టిస్తుందని ఎవరూ తేల్చలేదు. ఉన్న జబ్బును అది రేపుతుంది. నిద్ర చెడగొట్టి కూడా రేపుతుంది. మామయ్య నైట్ షిఫ్టులప్పుడు మాత్రల వేళ తప్పేది, చూశారుగా. పైగా మళ్లీ ఎక్కడ పడిపోతానోనన్న బెంగ వేరే. అలాంటివాడితో "టెన్షన్ పడకురా" అనడం నాకు నచ్చదు. అంటే పోయేదా అది? షిఫ్టు మార్పించడం, వేళకు పడుకోనివ్వడం, దిగులు ఎక్కువైతే దానికీ డాక్టరుకు చూపించడం, ఇవీ చేయాల్సినవి. మాత్రలు మాత్రం డాక్టరు చెప్పకుండా ఆపకూడదు. సరైన మందు పడితే నూటికి డెబ్బై మంది దాకా ఫిట్స్ లేకుండా బతకొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది.

ఈసారి ఫిట్ వస్తే పక్కింటివాళ్లు తాళాల గుత్తి పట్టుకొచ్చి చేతిలో పెట్టబోతారు. వద్దని చెప్పండి, దానితో ఏమీ కాదు. నోట్లో చెంచా, నీళ్లు అసలే పెట్టనివ్వకండి. గట్టిగా అదిమి పట్టుకోకండి. దగ్గర్లో కుర్చీలుంటే జరపండి, తల కింద దుప్పటి మడిచి పెట్టండి, మెల్లగా పక్కకు ఒత్తిగిలించండి. మీలో ఒకరు గడియారం చూడాలి. అయిదు నిమిషాలు దాటినా, తెలివి రాకముందే మళ్లీ వచ్చినా 108కి ఫోన్ చేయండి. తెలివి వచ్చాక కాసేపు తికమకగా ఉంటాడు, ఎక్కడున్నాడో చెప్పి పక్కనే కూర్చోండి.

ఇట్లు,
మీ అమ్మమ్మ