ప్యూర్టో రికో: పౌరసత్వం ఉన్నా ఓటు లేని దీవి

అమెరికా అధీనంలోని కరీబియన్ దీవి ప్యూర్టో రికోలో నివసించే సుమారు 32 లక్షల మందికి అమెరికా అధ్యక్షుణ్ణి ఎన్నుకునే హక్కు లేదు. వారిలో దాదాపు అందరూ పుట్టుకతోనే అమెరికా పౌరులు. ఆ దేశ సైన్యంలో పనిచేస్తారు, ఫ్లోరిడాకు మకాం మారిస్తే అక్కడి వారితో సమానంగా ఓటు వేస్తారు, తిరిగి దీవి రాజధాని శాన్ హువాన్ చేరగానే ఆ ఓటు కోల్పోతారు. ప్రతినిధుల సభలో దీవి తరఫున ఒక రెసిడెంట్ కమిషనర్ ఉన్నా, బిల్లుల తుది ఆమోదంలో ఆ పదవికి ఓటు లేదు. ఇది ఏదో ఏమరుపాటున మిగిలిపోయిన లోపం కాదు, 1898 నుంచి చట్టాలూ తీర్పులూ కలిసి కట్టిన ఏర్పాటు.

స్పెయిన్ 1897 చివరలో ఈ దీవికి స్వపరిపాలన ఇచ్చింది. అది కుదురుకోకముందే 1898 జూలై 25న జనరల్ నెల్సన్ మైల్స్ సేనలు గ్వానికా రేవులో దిగాయి. అదే ఏడాది డిసెంబరులో కుదిరిన పారిస్ ఒప్పందంతో ప్యూర్టో రికో, గ్వామ్, ఫిలిప్పీన్స్ అమెరికా వశమయ్యాయి. ఫిలిప్పీన్స్‌కు 2 కోట్ల డాలర్లు చెల్లించారు. ఆ చర్చల్లో ఈ దీవుల ప్రజల తరఫున కూర్చున్నవారు ఒక్కరూ లేరు. లూసియానా, కాలిఫోర్నియా వంటి ప్రాంతాలను కలుపుకున్నప్పుడు అవి ఎప్పటికైనా రాష్ట్రాలవుతాయన్న అవగాహన ఉండేది. ఈ దీవుల విషయంలో అలాంటి హామీ ఏదీ ఇవ్వలేదు.

మరి రాజ్యాంగం అక్కడ వర్తిస్తుందా అన్న ప్రశ్నను సుప్రీంకోర్టు ముందుకు తెచ్చినవి నారింజ పండ్లు. శాన్ హువాన్ నుంచి న్యూయార్క్‌కు పండ్లు తెప్పించుకున్న డౌన్స్ కంపెనీ నుంచి దీవి పాలన కోసం 1900లో చేసిన ఫోరకర్ చట్టం కింద 659 డాలర్ల 35 సెంట్ల సుంకం వసూలు చేశారు. సుంకాలు దేశమంతటా ఒకేలా ఉండాలని రాజ్యాంగం చెబుతోంది గనుక, ప్యూర్టో రికో దేశంలో భాగమైతే ఆ వసూలు చెల్లదని కంపెనీ వాదించింది. 1901లో కోర్టు 5–4 తేడాతో ఆ వాదనను తోసిపుచ్చింది. ఇతర దేశాల దృష్టిలో ఆ దీవి అమెరికాదేనని, లోపలి వ్యవహారాల్లో మాత్రం పరాయిదని జస్టిస్ వైట్ రాశారు. అక్కడ ఉన్నవి పరాయి జాతులు కాబట్టి ఆంగ్లో శాక్సన్ సూత్రాలతో పాలించడం కొంతకాలం సాధ్యం కాకపోవచ్చన్నది జస్టిస్ బ్రౌన్ మాట. నల్లవారికి వేరే రైలు పెట్టెలు కేటాయించడం సమ్మతమేనంటూ 1896లో తీర్పు రాసిందీ ఆయనే. రెండు కేసుల్లోనూ విభేదించిన జస్టిస్ హార్లన్ మాట రెండుసార్లూ ఓడిపోయింది. సుంకం గురించిన వ్యాజ్యంలో జాతి ప్రస్తావన రావడమే ఆ తీర్పు అసలు స్వభావాన్ని బయటపెడుతోంది.

1917లో జోన్స్ చట్టం ప్యూర్టో రికన్లకు పౌరసత్వం ఇచ్చింది. దానితో సమాన హక్కులు వస్తాయని ఆశించినవారికి 1922లో బాల్జాక్ కేసు జవాబు చెప్పింది. పరువునష్టం నేరారోపణ ఎదుర్కొన్న ఒక పత్రికా సంపాదకుడు జ్యూరీ విచారణ కోరితే, పౌరుడైనా ఆ దీవిలో రాజ్యాంగపరంగా ఆ హక్కు లేదని కోర్టు తేల్చింది. తీర్పు రాసిన ప్రధాన న్యాయమూర్తి టాఫ్ట్ అంతకుముందు ఫిలిప్పీన్స్‌కు తొలి పౌర గవర్నర్‌గా పనిచేసినవారు. 1948 వరకు దీవివాసులకు తమ గవర్నర్‌ను ఎన్నుకునే అవకాశమే రాలేదు. 1952లో సొంత రాజ్యాంగం వచ్చినా పైచేయి అమెరికన్ కాంగ్రెస్‌దే. అప్పుల ఊబిలో కూరుకుపోయిన దీవి బడ్జెట్లపై 2016లో ఏడుగురు సభ్యుల పర్యవేక్షక మండలిని కాంగ్రెస్ ఏర్పాటు చేయగలిగింది ఆ అధికారంతోనే.

ఇటీవలి కేసు 2022 నాటిది. న్యూయార్క్‌లో ఉండగా పేద వృద్ధులకు, దివ్యాంగులకు ఇచ్చే ఎస్‌ఎస్‌ఐ భృతి పొందుతున్న ఒక వ్యక్తి 2013లో ప్యూర్టో రికోకు మారారు. దీవివాసులకు ఆ భృతి వర్తించదు గనుక ఆ తరువాత అందిన 28,081 డాలర్లు తిరిగి కట్టాలంటూ ప్రభుత్వం ఆయనపై దావా వేసింది. దీవివాసులు చాలా ఫెడరల్ పన్నులు కట్టరు గనుక ఈ తేడా సబబేనని కోర్టు 8–1తో తీర్పు చెప్పింది. కానీ ఆ భృతికి అర్హులైన నిరుపేదలు ఏ రాష్ట్రంలోనైనా ఆదాయపన్ను కట్టే స్థితిలో ఉండరు. ఆ మెజారిటీలోనే ఉన్న జస్టిస్ గోర్సుచ్, డౌన్స్ కేసుతో సహా 1901 నాటి తీర్పులకు రాజ్యాంగంలో ఆధారం లేదని, అవి జాతి దురభిప్రాయాలపై నిలిచాయని విడిగా రాశారు. అయితే వాటిని కొట్టివేయాలని ఆ కేసులో ఏ పక్షమూ కోరలేదు. అవి ఇప్పటికీ అమల్లోనే ఉన్నాయి.