మోల్ లెక్కలు: పిల్లలు నమ్మే అపోహలు, అసలు వాస్తవాలు

ఇంటర్ ఫస్టియర్‌లో కెమిస్ట్రీ అంటే టెన్షన్ మొదలయ్యేది ఎక్కువగా స్టాయికియోమెట్రీ, అంటే రసాయన చర్యలో ఏ పదార్థం ఎంత పడుతుందో, ఎంత వస్తుందో మోల్స్‌లో (డజను లాగే, కణాలను లెక్కపెట్టే కొలత) లెక్కగట్టే చాప్టర్ దగ్గరే. పదో తరగతి దాకా బాగా చదివిన పిల్లలు కూడా ఇక్కడికి వచ్చేసరికి "సార్, థియరీ వస్తుంది, ప్రాబ్లమ్సే రావడం లేదు" అంటారు. ఈ చాప్టర్ చెబుతూ, వాళ్ల నోట్‌బుక్కులు దిద్దుతూ నేను గమనించింది ఒకటే: వాళ్లను వెనక్కి లాగేవి సీనియర్లో, పక్క బెంచీవాళ్లో చెప్పగా నమ్మేసిన కొన్ని మాటలు.

అపోహ: ఫార్ములాలన్నీ బట్టీ పడితే లెక్కలు వచ్చేస్తాయి.

ఇది అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తుంది. ఉదాహరణకు ఎం1వి1 = ఎం2వి2 తీసుకోండి (ఎం అంటే మోలారిటీ, అంటే లీటరు ద్రావణంలో ఎన్ని మోల్స్ ఉన్నాయో; వి అంటే ద్రావణం ఘనపరిమాణం). ద్రావణానికి నీళ్లు కలిపి పలుచన చేసినప్పుడు అది చక్కగా పనిచేస్తుంది, ఎందుకంటే నీళ్లు కలిపినా లోపలున్న పదార్థం మోల్స్ మారవు. ఇప్పుడు ఈ ప్రశ్న చూడండి: 0.1 మోలార్ సల్ఫ్యూరిక్ ఆమ్లం 20 మి.లీ. ఉంది, దాన్ని పూర్తిగా తటస్థం చేయడానికి 0.1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ ఎంత కావాలి? ఫార్ములా పట్టుకున్నవాళ్లు క్షణంలో 20 మి.లీ. అని రాసేస్తారు. కానీ ఒక మోల్ సల్ఫ్యూరిక్ ఆమ్లానికి రెండు మోల్స్ సోడియం హైడ్రాక్సైడ్ కావాలి. ఆమ్లం 0.002 మోల్స్ ఉంది కాబట్టి క్షారం 0.004 మోల్స్ కావాలి, అంటే 40 మి.లీ. ఇందులో కొత్త ఫార్ములా ఏమీ వాడలేదు, తుల్యం చేసిన సమీకరణం రాసుకుని అందులోని అంకెలు చూశాం, అంతే.

నేను పిల్లలకు పదేపదే చెప్పే మాట ఇదే. ఇచ్చింది గ్రాములైనా, లీటర్లైనా, మోలారిటీ అయినా ముందు దాన్ని మోల్స్‌లోకి తీసుకురండి, సమీకరణంలోని నిష్పత్తితో కావాల్సిన పదార్థం మోల్స్‌కి వెళ్లండి, అక్కడి నుంచి అడిగిన యూనిట్‌లోకి మార్చండి. ఈ చాప్టర్‌లో కనిపించే లెక్కల్లో చాలావాటికి దారి ఇదే.

అపోహ: బరువు తక్కువ ఉన్నదే ముందు అయిపోతుంది, అదే లిమిటింగ్ రీఏజెంట్.

10 గ్రాముల హైడ్రోజన్, 64 గ్రాముల ఆక్సిజన్ కలిసి నీరు ఏర్పడిందనుకుందాం. చూడగానే హైడ్రోజన్ తక్కువ అనిపిస్తుంది. ఒక మోల్ హైడ్రోజన్ 2 గ్రాములు, ఆక్సిజన్ 32 గ్రాములు, కాబట్టి మోల్స్‌లో చూస్తే హైడ్రోజన్ 5, ఆక్సిజన్ 2. రెండు మోల్స్ ఆక్సిజన్‌కి నాలుగు మోల్స్ హైడ్రోజన్ చాలు, కాబట్టి ముందు అయిపోయేది ఆక్సిజనే. 4 మోల్స్ నీరు, అంటే 72 గ్రాములు వస్తుంది, 2 గ్రాముల హైడ్రోజన్ మిగులుతుంది. రెండూ కలిపితే 74, మొదట తీసుకున్నదీ 74. ఇలా కూడి చూసుకోవడానికి పది సెకన్లు కూడా పట్టదు, అయినా పరీక్షలో దీన్ని చేసేవాళ్లు చాలా తక్కువమంది, అదే నాకు బాధ.

ఇది చెప్పగానే కొందరు "అయితే మోల్స్ తక్కువ ఉన్నదే లిమిటింగ్" అని ఇంకో తప్పు నేర్చుకుంటారు. 2 మోల్స్ నైట్రోజన్, 3 మోల్స్ హైడ్రోజన్‌తో అమ్మోనియా తయారవుతుంటే మోల్స్ తక్కువ ఉన్నది నైట్రోజన్, కానీ అయిపోయేది హైడ్రోజన్, ఎందుకంటే ఒక్కో నైట్రోజన్ మోల్‌కి మూడు హైడ్రోజన్ మోల్స్ కావాలి. మోల్స్‌ని సమీకరణంలోని గుణకంతో భాగించి, ఏది చిన్నదో అప్పుడు చూడాలి: ఇక్కడ 2ని 1తో భాగిస్తే 2, 3ని 3తో భాగిస్తే 1.

అపోహ: ఒక మోల్ అంటే 22.4 లీటర్లు.

వాయువుకు మాత్రమే, అదీ 0 డిగ్రీల సెల్సియస్, ఒక అట్మాస్ఫియర్ పీడనం దగ్గర మాత్రమే. ఒక మోల్ ద్రవ నీరు 18 మి.లీ. చుట్టుపక్కలే ఉంటుంది. ఇంకో చిక్కు కూడా ఉంది, 1982 నుంచి ఐయూపీఏసీ (రసాయనశాస్త్ర అంతర్జాతీయ సంస్థ) ఎస్‌టీపీ (ప్రామాణిక ఉష్ణోగ్రత, పీడనం) పీడనాన్ని ఒక బార్‌గా తీసుకుంటోంది, ఆ లెక్కన సుమారు 22.7 లీటర్లు వస్తుంది. ప్రశ్నలో పీడనం ఏమిచ్చారో చూడండి, ఇవ్వకపోతే మీ పాఠ్యపుస్తకం ఏది వాడిందో అదే వాడండి.

అపోహ: యూనిట్లు జవాబు చివర్లో పెడితే సరిపోతుంది.

అస్సలు సరిపోదు. 4 గ్రాముల, అంటే 0.1 మోల్ సోడియం హైడ్రాక్సైడ్‌తో 250 మి.లీ. ద్రావణం చేస్తే మోలారిటీ 0.4. లీటర్లలోకి మార్చకుండా 250తో భాగిస్తే 0.0004 వస్తుంది. ప్రతి మెట్టులో యూనిట్ రాసుకుంటూ వస్తే ఆ పొరపాటు అక్కడికక్కడే కనిపిస్తుంది. అన్నట్టు, ఇది 250 మి.లీ. నీళ్లు పోయడం గురించి కాదు, పదార్థం కరిగాక మొత్తం ద్రావణం 250 మి.లీ. గీత దాకా రావాలి. ల్యాబ్‌లో స్టాండర్డ్ ఫ్లాస్క్ చేత్తో పట్టుకుని చేసినవాళ్లకు ఈ తేడా మళ్లీ చెప్పాల్సిన పని ఉండదు.

అపోహ: మ్యాథ్స్ రాకపోతే కెమిస్ట్రీ లెక్కలు రావు.

బైపీసీ పిల్లలూ, మీకోసమే ఇది. ఈ చాప్టర్‌కి కావాల్సింది నిష్పత్తి, అనుపాతం, శాతం, పదికి ఘాతాలు (10², 10³ లాంటివి). హైస్కూల్లో నేర్చుకున్నవే. పది ఘాతాలు తడబడుతుంటే వాటిమీద రెండు రోజులు కూర్చోండి, సగం భయం పోతుంది.

అపోహ: సాల్వ్ చేసినవి ఎక్కువ చూస్తే అలవాటైపోతుంది.

చూస్తున్నప్పుడు అంతా అర్థమైనట్టే ఉంటుంది. పుస్తకం మూసి, తెల్ల కాగితం మీద అదే లెక్క మళ్లీ చేయండి, ఎక్కడ ఆగిపోయారో అక్కడే మీకు రానిది ఉంది. తర్వాత అందులో అంకెలు మార్చి, ఇచ్చినదాన్నీ అడిగినదాన్నీ అటూ ఇటూ చేసి మీరే ఒక ప్రశ్న తయారుచేసుకోండి. వంద బిట్లు పెట్టడం కంటే ఇలా పది లెక్కలు చేయడం మేలని నా గట్టి నమ్మకం.

ఇప్పుడే ఒకటి ప్రయత్నించండి. 80 శాతం స్వచ్ఛత ఉన్న 50 గ్రాముల సున్నపురాయిని (కాల్షియం కార్బొనేట్) పూర్తిగా వేడి చేస్తే కార్బన్ డయాక్సైడ్ ఎంత వస్తుంది? 22 గ్రాములు వస్తే స్వచ్ఛత మర్చిపోయారు. 27.5 వస్తే 0.8తో గుణించాల్సిన చోట భాగించారు, రాయి అంతా స్వచ్ఛమైనదైనా 22 గ్రాములకు మించి రాదని గమనించండి. సరైన జవాబు 17.6 గ్రాములు.